కార్చిచ్చు దారిలో ఇల్లు

మా అమ్మమ్మగారి ఊరు గోదావరి కాలువ గట్టున ఉన్న చిన్న పల్లె. నా చిన్నతనంలో ఆ ఊళ్ళో ఇంకా తాటాకు ఇళ్ళు చాలా ఉండేవి. వేసవి సెలవులలో మేము అక్కడికి పోయినప్పుడు అమ్మమ్మ ఒక నియమం తప్పక పాటించేది. పదకొండు గంటలకల్లా వంట ముగించి, పొయ్యిలో నీళ్ళు చల్లి, బూడిదను పుల్లతో కెలికి చూచిగాని లేచేది కాదు. “పడమటిగాలి తిరిగిందంటే పొయ్యిలో నిప్పు మనది కాదురా” అనేది.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఎగువవీధిలో ఒక ఇల్లు అంటుకొన్నది. దానికీ మా ఇంటికీ నడుమ నాలుగు ఇళ్ళు. రెండు పెంకుటిళ్ళు, రెండు తాటాకు ఇళ్ళు. మంట ఒక్కొక్క ఇల్లే దాటుకొంటూ వస్తుందని తలచి మా మామయ్య నలుగురిని పోగుచేసి, నడిమి తాటాకు ఇళ్ళ కప్పులమీద బిందెలతో నీళ్ళు పోయించినాడు. ఆ నాలుగు ఇళ్ళకూ ఏమీ కాలేదు. కాని ఎవరూ చూడని సమయంలో మా పెరటిలోని పశువులపాక అంటుకొన్నది. గేదెలను విప్పగలిగినారు. లోపలి గుంజకు కట్టిన దూడ దగ్గరకు మాత్రం పోలేకపోయినారు.

నడుమ ఉన్న నాలుగు ఇళ్ళను వదలిపెట్టి మంట మా పాకకు ఎట్లా వచ్చింది? అప్పుడు నాకు ఎవరూ సరియైన సమాధానం చెప్పలేదు. భౌతికశాస్త్రం చదివి, పాఠం చెప్పే ఉద్యోగంలో చేరిన తరువాత, ఎక్కడో కాలిఫోర్నియాలో కాలిపోయిన ఒక ఊరిని గురించి చదువుతూ ఉండగా ఆ సమాధానం దొరికినది.

పచ్చని చెట్లు, బూడిదైన ఇళ్ళు

ఆ ఊరి పేరు పారడైజ్. ఉత్తర కాలిఫోర్నియాలో దేవదారు జాతి చెట్ల నడుమ, ఒక కొండ వీపున ఉన్నది. సుమారు 26 వేల జనాభా. 2018 నవంబరు 8వ తేదీ ఉదయం ఆరున్నర ప్రాంతంలో, కొన్ని మైళ్ళ దూరాన కొండలలో ఒక విద్యుత్ ప్రసార స్తంభంమీద అరిగిపోయిన ఇనుపకొక్కెం ఒకటి తెగి, నిప్పు పుట్టినది. ఆ ఏడాది శరత్కాలంలో రావలసిన వానలు రాలేదు. గడ్డి, ఆకు, పుల్ల సమస్తమూ ఎండి ఉన్నవి. బలమైన ఈదురుగాలి తోడైనది. కొన్ని గంటలలో ఊరు ఊరంతా కాలిపోయినది. ఆ కార్చిచ్చులో 85 మంది చనిపోయినారు. చుట్టుపక్కల అన్నీ కలిపి 18 వేలకు పైగా కట్టడాలు నాశనమైనవి.

ఆ తరువాత తీసిన ఛాయాచిత్రాలలో ఒక వింత కనబడుతుంది. వీధి పొడుగునా ఇళ్ళు పునాదులు మాత్రమే మిగిలి బూడిదకుప్పలై ఉన్నవి. వాటి పక్కనే, కొన్ని అడుగుల దూరంలో, చెట్లు పచ్చగా నిలిచి ఉన్నవి. మనం సామాన్యంగా ఊహించుకొనేట్లు అడవి అంతా ఒక మంటల కెరటమై వచ్చి ఊరిని ముంచివేసి ఉంటే, ముందు కాలవలసినవి చెట్లు. చెట్టు మిగిలి ఇల్లు కాలినదంటే, అక్కడ ఇంటిని కాల్చినది ఆ కెరటం కాదన్నమాట.

దీనిని అర్థం చేసుకోవడానికి, మంట నుంచి ఇంటికి వేడి చేరే దారులు ఏవో చూద్దాం. అవి మూడు. మొదటిది వికిరణం, ఎండలో నిలబడినప్పుడు మన వీపు కాలినట్లు, దూరాన ఉన్న మంట నుంచి ఏ యానకమూ అవసరం లేకుండా వచ్చే వేడి. రెండవది మంట తానే వచ్చి తాకడం. కంచె వెంట ప్రాకినట్లు, గోడవారన పెరిగిన పొదను అంటుకొని పైకి లేచినట్లు. మూడవది గాలిలో ఎగిరివచ్చే నిప్పురవ్వలు. భయపెట్టేది మొదటిది. ఇళ్ళను కాల్చేది ఎక్కువగా మూడవది. దానికి తోడు రెండవది.

మంటల గోడ ఎంత దూరం కాల్చగలదు?

స్టీఫాన్ నియమం విద్యార్థులకు తెలిసినదే. వేడి వస్తువు ఒక చదరపు మీటరు నుంచి వెలువరించే వికిరణశక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. అడవిమంట ఉష్ణోగ్రతను సుమారు 1090 కెల్విన్‌లుగా ఆస్ట్రేలియాలోని గృహనిర్మాణ ప్రమాణాలలో తీసుకొంటారు. లెక్క కడితే చదరపు మీటరుకు సుమారు 80 కిలోవాట్లు వస్తుంది. నడి వేసవి మిట్టమధ్యాహ్నం మన నెత్తిమీద పడే ఎండ చదరపు మీటరుకు ఒక కిలోవాటు. అంటే మంటను ఆనుకొని నిలబడినవాడికి ఎనభై సూర్యుల ఎండ.

ఇప్పుడు 20 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల వెడల్పు ఉన్న మంటల గోడ ఒకటి ఉన్నదనుకొందాం. దాని నడిమికి ఎదురుగా ఒక కొయ్యపలకను నిలిపితే దానిమీద పడే వేడి ఎంత? పలక నుంచి చూచినప్పుడు ఆకాశంలో ఎంత భాగాన్ని మంట ఆక్రమించి ఉన్నదన్న దానిమీద ఇది ఆధారపడుతుంది. 10 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు సుమారు 44 కిలోవాట్లు; 20 మీటర్లలో 19; 30 మీటర్లలో 10; 40 మీటర్లలో 6. తరగతిలో నేర్చిన విలోమ వర్గ నియమం ఇక్కడ దగ్గర దూరాలలో సరిపోవడం లేదని చురుకైన విద్యార్థి గమనిస్తాడు. దూరం 10 నుంచి 20 అయితే వేడి నాలుగవ వంతు కావలసినది. సగానికి కొంచెం తక్కువ మాత్రమే అయినది. ఆ నియమం చిన్న దీపపు బుడ్డికి, అంటే బిందుజనకానికి, వర్తించేది. మంట గోడలాగా విశాలంగా ఉన్నప్పుడు, దాని కొలతలతో పోలిస్తే మనం చాలా దూరం పోయిన తరువాతనే నియమం పనిచేయసాగుతుంది. 20 నుంచి 40 మీటర్లకు పోయేసరికి వేడి మూడవ వంతుకంటె తక్కువైనది చూడండి.

కొయ్య అంటుకోవాలంటే ఎంత వేడి కావాలి? పక్కనే ఒక నిప్పురవ్వ సిద్ధంగా ఉన్నా, చదరపు మీటరుకు సుమారు 12 కిలోవాట్లకంటె తక్కువ వికిరణంలో కొయ్య సామాన్యంగా అంటుకోదు. 20 కిలోవాట్లలో అంటుకొనడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అయితే చెట్ల తలలు అంటుకొన్నప్పుడు పెద్దమంట ఒక్క చోట నిలిచేది ఒక నిమిషం పాటే. చెట్టులో తొందరగా మండేవి ఆకులు, సన్నని రెమ్మలు. అవి కాలిపోగానే మంట ముందుకు పోతుంది. మాను నల్లబడి మిగులుతుంది.

ఇదంతా కాగితంమీది లెక్క. దీనిని నిజమైన మంటతో పరీక్షించిన వారు ఉన్నారు. అమెరికా అటవీశాఖలో పరిశోధకుడైన జాక్ కోహెన్ 1990ల చివరలో కెనడా ఉత్తరాన ఉన్న అడవులలో, శాస్త్రజ్ఞులు బుద్ధిపూర్వకంగా ముట్టించిన పెద్ద మంటల ఎదుట కొయ్యగోడలను నిలిపి చూచినాడు. గోడలను అడవి అంచు నుంచి 10, 20, 30 మీటర్ల దూరాలలో పెట్టినారు. 10 మీటర్లలో ఉన్న గోడలు కొన్ని అంటుకొన్నవి, కొన్ని అంటుకోలేదు. 20, 30 మీటర్ల దూరంలో ఉన్నవి ఒక్కటీ అంటుకోలేదు. పైన వేసిన లెక్కకూ దీనికీ ఉన్న పొందికను ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును.

కనుక పెద్దమంటకు ఇంటికీ నడుమ 30 మీటర్ల దూరం ఉంటే చాలు, ఆ మంట వికిరణం చేత ఇల్లు కాలదు. కాలిఫోర్నియా చట్టంలో ఇంటిచుట్టూ వంద అడుగుల మేర పొదలను, ఎండుగడ్డిని తొలగించాలని ఉన్నది. వంద అడుగులంటే 30 మీటర్లే. ఆ మేర అంతా బోడిచేయనవసరం లేదు. మంట నేలనుంచి పొదకూ, పొదనుంచి చెట్టుతలకూ నిచ్చెన ఎక్కినట్లు ఎక్కకుండా కింది కొమ్మలు నరికి, చెట్టుకూ చెట్టుకూ ఎడమిచ్చి, గడ్డిని పొట్టిగా కోసి ఉంచితే చాలు.

కొండవాలులో కట్టిన ఇంటికి ఈ లెక్క చాలదు. వేడిగాలి పైకే పోతుంది గనుక, ఎగువకు ప్రాకే మంట తన ముందున్న గడ్డిని ముందుగానే ఎండబెట్టుకొంటూ పోతుంది. వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం సుమారు రెండింతలు అవుతుందని ఆస్ట్రేలియాలో ఒక స్థూలమైన సూత్రం చెపుతారు. శిఖరంమీద చక్కని దృశ్యం కోసం ఇల్లు కట్టుకొన్నవాడు దిగువవైపు ఇంకా ఎక్కువ మేర శుభ్రం చేసుకోవలసి ఉంటుంది.

రవ్వల వాన

అడవి ముప్పై మీటర్ల అవతల ఆగినది. అయినా ఇల్లు కాలినది. ఎందువలన?

మండే అడవిమీద వేడిగాలి ఒక స్తంభంవలె పైకి లేస్తుంది. అది ఎండు బెరడు పెచ్చులను, ఆకులను, పుల్లలను మండుతూ ఉండగానే ఎత్తుకొని పోతుంది. పలుచని బెరడుపెచ్చు గాలిలో పడేటప్పుడు దాని చరమవేగం సెకనుకు మూడు మీటర్లనుకొందాం. అది 300 మీటర్ల ఎత్తునుంచి నేలకు రావడానికి వంద సెకనులు పడుతుంది. ఈలోగా సెకనుకు 15 మీటర్ల గాలి దానిని కిలోమీటరున్నర దూరం మోసుకొని పోతుంది. వంద సెకనులపాటు అది ఆరిపోకుండా ఉంటే చాలు. ఆస్ట్రేలియాలోని కొన్ని యూకలిప్టస్ జాతుల బెరడు పొడుగాటి పీలికలుగా ఊడి, చుట్టలు చుట్టుకొని, లోపల కనకనలాడుతూ ఇరవై కిలోమీటర్లకు మించి పోయిన సందర్భాలు ఉన్నవి. పారడైజ్‌లోనూ మంట ఊరి అంచుకు రాకముందే ఊరినడుమ పలుచోట్ల నిప్పులు లేచినవి.

మా పాకకు నిప్పు ఎట్లా వచ్చినదో పాఠకులు ఈసరికి గ్రహించి ఉంటారు. మండిన ఇంటి కప్పునుంచి లేచిన తాటాకు ముక్కలు నాలుగు ఇళ్ళమీదుగా ఎగిరివచ్చి మా పాకమీద వాలినవి. మామయ్య నీళ్ళు పోయించిన చోటు తప్పు కాదు. మిగతా కప్పుల సంగతి మరచిపోవడం తప్పు.

ఒక్క రవ్వ కొయ్యదూలాన్ని అంటించలేదు. పెద్ద మొద్దును అగ్గిపుల్లతో వెలిగించడానికి ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చును. మొద్దుకు బరువెక్కువ, ఉపరితలం తక్కువ; పైన తగిలిన వేడి లోపలికి ఇంకిపోతుంది. అదే మొద్దును పుల్లలుగా చీల్చితే బరువు అంతే, ఉపరితలం ఎన్నో రెట్లు. పుల్ల మొత్తం ఒక్కసారిగా వేడెక్కి, సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కొయ్య విచ్ఛిన్నమై మండే వాయువులను వదలుతుంది. అందుచేత రవ్వకు కావలసినది సన్నగా, ఎండి, పోగుపడి ఉన్న పదార్థం: రాలిన ఆకులు, పొట్టు, పిచ్చుకగూళ్ళు, పాత పరుపులోని దూది.

తడి ఎంత అడ్డుపడుతుందో కూడా లెక్క చూడవచ్చు. ఒక కిలోగ్రాము ఎండుకొయ్యను 30 డిగ్రీలనుంచి 300 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 400 కిలోజౌళ్ళు చాలు. అందులో మరొక కిలోగ్రాము నీరు ఉన్నదంటే, ఆ నీటిని మరిగించి ఆవిరి చేయడానికే 2,550 కిలోజౌళ్ళు కావాలి. అందులో అధికభాగం బాష్పీభవన గుప్తోష్ణమే. ఆకుపచ్చని చెట్టు నిలిచి, దాని కింద రాలిన ఎండుటాకు కాలడానికి కారణం ఇదే. పారడైజ్‌లో పచ్చని చెట్టు పక్కన ఇల్లు బూడిదైనదంటే, ఆ ఇల్లు ఎండుటాకువలె ఉన్నదన్నమాట.

మరి రవ్వలు ఎక్కడ చేరుతవి? ఇందుకు యంత్రమూ అక్కరలేదు, గణితమూ అక్కరలేదు. గాలి ఎండుటాకులను మన ఇంటి ముంగిట ఏ మూల పోగుచేస్తుందో, రవ్వలనూ ఆ మూలనే పోగుచేస్తుంది. గాలి వేగం తగ్గినచోట అది మోస్తున్నదానిని జారవిడుస్తుంది. మెట్ల కింద, గోడ మూలలు, చూరుకింద నీరు జారే రేకుకాలువ, రెండు కప్పులు కలిసే లోయ, ఇవే రవ్వల మజిలీలు. అక్కడ ముందుగానే ఆకులు పేరుకొని ఉంటవి గనుక నిప్పుకు వంటచెరకు సిద్ధంగా ఉంటుంది.

అమెరికాలోని దక్షిణ కెరోలినా రాష్ట్రంలో ఇళ్ళ బీమా సంఘాల వారి పరిశోధనశాల ఒకటి 2010లో ఏర్పడినది. అందులో 105 పెద్ద పంకాలను గోడవలె పేర్చి గాలివాన సృష్టించగలరు. ఆ గాలిలోకి రవ్వలను వదలి, నిజమైన పరిమాణంలో కట్టిన ఇంటిమీద వానవలె కురిపించి చూచినారు. రేకుకాలువలోని ఆకులు అంటుకొని చూరు కాలింది. గోడవారన అలంకారానికి పరచిన చెక్కపొట్టు అంటుకొని గోడ కాలింది. జపానులోనూ ఇటువంటి ప్రయోగాలు జరిగినవి. రవ్వలను ఊదే ఆ యంత్రానికి అమెరికా శాస్త్రజ్ఞులు ‘డ్రాగన్’ అని పేరు పెట్టుకొన్నారు. అటకకు గాలి పోవడానికి పెట్టిన రంధ్రాలకు ఇనుపవల బిగించినా, రవ్వ వలమీద నిలిచి, కాలుతూ చిన్నదై, కన్నుల గుండా లోపలికి దూరుతుందని ఈ ప్రయోగాలలో తేలింది. అందుచేత కన్ను ఎంత చిన్నదైతే అంత మంచిది. కాలిఫోర్నియాలో మూడు మిల్లీమీటర్లకు మించకూడదన్నారు. ఆస్ట్రేలియాలో రెండు మిల్లీమీటర్లు. కొళాయికి కట్టే వలకూ దీనికీ పెద్ద భేదం లేదు. లక్షలు పోసి కట్టిన ఇంటిని ఇంత చవకైన వస్తువు కాపాడుతుందంటే నమ్మడం కష్టమే.

ఇంటిచుట్టూ మొదటి అయిదడుగుల మేర మీద ఇప్పుడు పరిశోధకులు ఎక్కువ శ్రద్ధ చూపుతున్నారు. ఆ మేరలో మండేది ఏదీ ఉండకూడదు. మొక్కలకు బదులు కంకర, రాయి, సిమెంటు; గోడకు చేరవేసిన కట్టెలమోపు లేదు, కొయ్యకంచె ఇంటిని తాకదు, కొబ్బరిపీచు తివాచీ గడపముందు ఉండదు. కంచె అన్నది ఊరికి వత్తివంటిది. దాని చివర ఇంటికి తగిలి ఉంటే మంట దాని వెంట నడచి వస్తుంది. కడపటి రెండు గజాలూ కొయ్యకు బదులు ఇనుముతో చేసినా చాలును.

కిటికీల సంగతి మరొకటి. అద్దం వేడిని మధ్యభాగంలో గ్రహించి వ్యాకోచిస్తుంది. చట్రంలో దాగిన అంచు చల్లగా ఉండిపోతుంది. ఈ భేదానికి అద్దం పగులుతుంది. మామూలు గాజుగ్లాసులో మరిగిన నీళ్ళు పోసినప్పుడు జరిగేది ఇదే. అద్దం పగిలి పడిపోయిందంటే రవ్వలు నేరుగా తెరలమీద, పరుపులమీద వాలుతవి. గట్టిపరచిన అద్దం రెండు పొరలుగా వాడితే అది చాలాసేపు తట్టుకొంటుంది.

పొరుగిల్లు

ఒక చెట్టు నిమిషంసేపు మండుతుందన్నాం. ఒక ఇల్లు గంటలకొద్దీ మండుతుంది. దూలాలు, బీరువాలు, పుస్తకాలు, బట్టలు, ప్లాస్టిక్ సామాను, అన్నీ కలిసి ఒక చిన్న అడవికి సమానం. ఒక ఇల్లు అంటుకొన్న తరువాత అదే తన పొరుగింటికి కార్చిచ్చు అవుతుంది. అప్పుడు పైన చెప్పిన నిమిషం లెక్క చెల్లదు. 2021లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పారడైజ్‌లో మిగిలిన ఇళ్ళను, పోయిన ఇళ్ళను పోల్చి చూచినారు. ఇల్లు మిగులుతుందా పోతుందా అన్నదానికి గట్టి గుర్తులలో ఒకటి, కాలిపోయిన పొరుగిల్లు ఎంత దూరాన ఉన్నదన్నది. ఇంటి వయస్సు కూడా లెక్కకు వచ్చినది. 1997కు ముందు కట్టినవాటిలో దాదాపు తొమ్మిదింట ఒకటి మాత్రమే నిలిచినది. ఆ తరువాత కట్టినవాటిలో మూడింట ఒకటికి పైగా నిలిచినవి. కొత్తవి నూటికి నూరు నిలువలేదు. మన ఇల్లు ఎంత బాగుచేసుకొన్నా పక్కవాడి చూరులో ఆకులు ఉంటే మన పని సగమే.

ఇక నీళ్ళు. “కొళాయి తిప్పి కప్పు తడుపుతాను” అన్నవానికి మొదట కరెంటు పోతుంది. కరెంటుతో పాటు నూతిమీది మోటారు ఆగిపోతుంది. ఇళ్ళు కాలినకొద్దీ లోపలి గొట్టాలు తెగి, ఊరి నీరంతా కాలిన ఇళ్ళలోకే కారిపోతుంది. 2025 జనవరిలో లాస్ ఏంజిల్స్ నగరంలోని పసిఫిక్ పాలిసేడ్స్ కాలినప్పుడు అగ్నిమాపక దళానికే గొట్టాలలో నీటి ఒత్తిడి అందలేదు. ముందటి రోజులలో ఆకులు ఊడ్చిన చీపురు, మంట వచ్చిన రోజున పట్టిన గొట్టంకంటె ఎక్కువ పని చేస్తుంది.

ఉండాలా, పోవాలా?

ఇక్కడ ప్రాణంతో చేరిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియాలో 1983 ఫిబ్రవరి 16న దక్షిణ ప్రాంతాలలో చెలరేగిన కార్చిచ్చులకు 75 మంది బలి అయినారు. తరువాత మౌంట్ మెసిడన్ అనే చోట కొన్ని వందల ఇళ్ళను పరిశీలించగా, సత్తువగల మనుషులు దగ్గర ఉండిన ఇళ్ళు, ఎవరూ లేని ఇళ్ళకంటె చాలా ఎక్కువగా నిలిచినట్లు తెలిసినది. వారు పెద్దమంటతో పోరాడలేదు. అది దాటిపోయేదాకా లోపల ఉండి, దాటిన తరువాత బయటికి వచ్చి చూరులో, మెట్ల కింద రగిలే చిన్ననిప్పులను బకెట్టునీళ్ళతో, తడిగోనెతో ఆర్పినారు. రవ్వ ఇంటిని కాల్చడానికి చాలాసేపు పడుతుందన్నదానికి ఇంతకంటె మంచి రుజువు లేదు. దీని ఆధారంగా “సిద్ధపడి ఉండి కాపాడుకో, లేదా ముందుగానే వెళ్ళిపో” అన్న విధానం ఆ దేశంలో నెలకొన్నది.

2009 ఫిబ్రవరి 7న ఆ విధానానికి పరీక్ష వచ్చినది. మెల్బోర్న్‌లో ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలు. ఆ ఒక్కరోజు కార్చిచ్చులకు 173 మంది చనిపోయినారు. రెండువేలకు పైగా ఇళ్ళు పోయినవి. చనిపోయినవారిలో ఎక్కువమంది ఇళ్ళలోనో, ఇళ్ళ దగ్గరనో చనిపోయినారు. కొందరు బాగా సిద్ధపడినవారే. విచారణసంఘం 2010లో నివేదిక ఇచ్చినది. అటువంటి భయంకరమైన రోజులలో ఎంత బాగా కట్టిన ఇల్లయినా నమ్మదగదని, ముందురోజు రాత్రికో ఆ ఉదయానికో వెళ్ళిపోవడమే మంచిదని అప్పటినుంచి అక్కడ చెప్పడం మొదలుపెట్టినారు.

నాకు తోచినది చెపుతాను. ఇంటిని సిద్ధం చేయడం అంటే, మనం లేకపోయినా తనను తాను కాపాడుకొనేట్లు చేయడం. దూడ కోసం పాకలోకి పోబోయిన మామయ్యను నలుగురు పట్టి ఆపినారు. అప్పుడు వారిమీద నాకు కోపం వచ్చినది, ఇప్పుడు లేదు.

మన ప్రాంతంలో

మన నల్లమల, శేషాచలం అడవులు ఆకురాల్చే జాతివి. ఫిబ్రవరి నుంచి మే వరకు నేలమీద ఎండుటాకు పరచుకొని ఉంటుంది. ఇక్కడి కార్చిచ్చు సాధారణంగా ఆ ఆకుమీద, ఎండుగడ్డిమీద నేలబారుగా ప్రాకుతుంది. చెట్ల తలలకు ఎక్కడం అరుదు. నేలబారు మంటకు వికిరణం తక్కువ. అందుచేత అడవి అంచు గూడెంలో ఇంటిచుట్టూ రెండుమూడు మీటర్ల మేర మట్టి కనబడేదాకా ఊడ్చి ఉంచితే, ఆ మంట తాకడానికి దారి ఉండదు. అటవీశాఖవారు వేసవికి ముందు అడవిలో అగ్నిరేఖలు తీసేది ఈ సూత్రంమీదనే. కాని కప్పు గడ్డిదైతే ఊడ్చిన నేల రవ్వను ఆపలేదు.

మైదానపు పల్లెలలో కార్చిచ్చు లేదు; దాని బదులు గడ్డివాము ఉన్నది, కోసిన చేలో ముట్టించిన మోళ్ళు ఉన్నవి. వేసవిగాలి పడమటినుంచి వస్తుంది గనుక, వాము ఇంటికి తూర్పున ఉండాలి; పడమట ఉంటే దాని రవ్వలన్నీ ఇంటిమీదనే. మా అమ్మమ్మ పొయ్యి ఆర్పడంలో అంత జాగ్రత్తపడినా, వామును పాకకు దగ్గరని పడమటి దిక్కునే వేయించేది. గేదెలకు మేత మోయడం సులువు మరి! పెంకుటింటివారు తమ కప్పు కాలదని ధీమాగా ఉంటారు. పెంకుల సందులలో పిచ్చుకలు పెట్టిన గడ్డిగూళ్ళను, కింద ఎండిన తాటివాసాలను చూస్తే ఆ ధీమా కొంచెం తగ్గవచ్చును.

కిందటి మార్చిలో మా ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఒక పని ఇచ్చినాను. కళాశాల ఆవరణ పటం గీసి, వారంరోజులపాటు సాయంత్రం గాలి ఆకులను ఎక్కడెక్కడ పోగుచేస్తున్నదో గుర్తుపెట్టమన్నాను. ఖర్చులేని పని, ఏ ఉన్నత పాఠశాలలోనైనా చేయించవచ్చు. వారు పదకొండు చోట్లు గుర్తించినారు. అన్నింటికంటె పెద్దపోగు ప్రయోగశాల వెనుక, కిటికీ కింద చేరినది. ఆ కిటికీకి ఒక అద్దం ఏడాదిగా లేదు. లోపల బల్లమీద స్పిరిట్ సీసాలు వరుసగా పెట్టి ఉన్నవి. సీసాలను ఆ సాయంత్రమే లోపలి బీరువాలోకి మార్చినాము. అద్దానికి అర్జీ పెట్టినాము.